ఉబుంటులో ఆప్ట్ అప్‌డేట్ ఎర్రర్లు ఇస్తోందా? ఫార్మాట్ చేయకుండా రెపో సెట్టింగులు సరిచేసుకోవడం ఎలా

ల్యాప్‌టాప్ బాగానే ఉంటుంది, నెట్ వస్తుంటుంది, బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటాయి, కానీ టెర్మినల్‌లో "సుడో ఆప్ట్ అప్‌డేట్" కొట్టగానే అరపేజీ ఎర్రర్లు. ఆప్ట్ అంటే ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దించి ఇన్‌స్టాల్ చేసే పనిముట్టు. ఏది ఇన్‌స్టాల్ చేద్దామన్నా ప్యాకేజీ దొరకలేదంటుంది. బెంగళూరులో డెవాప్స్ అనీ క్లౌడ్ అనీ కోర్సులకు వచ్చి మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మన పిల్లలు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. అనంతపురం నుంచి వచ్చినా కర్నూలు నుంచి వచ్చినా ప్రశ్న ఒకటే: "అన్నా, ఫార్మాట్ కొట్టేయమంటావా?"

వద్దు. రెపో అంటే ఆప్ట్ ప్యాకేజీలు తెచ్చుకునే సర్వర్ చోటు. రెపో తప్పుకు ఫార్మాట్ మందు కాదు. ఎక్కువ సార్లు ఒక్క ఫైల్లో ఒక్క లైను సరిచేస్తే అయిపోతుంది. అసలు చిక్కు ఏమిటంటే, ఎర్రర్‌ని చదవకుండా ఎక్కడో దొరికిన నాలుగు కమాండ్లు వరసగా పేస్ట్ చేసేస్తారు, అందులో రెండు వేరే వెర్షన్‌వి, ఒకటి వేరే డిస్ట్రోది, అంటే వేరే రకం లైనక్స్‌ది. అప్పటిదాకా ఉన్న ఒక తప్పు నాలుగవుతుంది. కాబట్టి కింద చెప్పిన వరస తప్పకండి.

ఉబుంటు 22.04, 24.04 మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మింట్, డెబియన్ వాడేవాళ్లకు తేడా ఉన్న చోట్ల విడిగా చెబుతాను.

కావలసినవి

- సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడపడం) చేయగల యూజర్, దాని పాస్‌వర్డ్. చాలా వెర్షన్లలో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా రావు, కీబోర్డ్ పాడైందనుకోకండి, కొట్టేసి ఎంటర్ నొక్కండి.
- మామూలు వైఫై కాకుండా ఇంకో నెట్. ఫోన్ హాట్‌స్పాట్ చాలు. తప్పు మీ మెషీన్లో ఉందా నెట్‌వర్క్‌లో ఉందా తేల్చడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.
- అరగంట తీరిక. క్లాస్‌కి పది నిమిషాల ముందు మొదలుపెట్టకండి.

కమాండ్ల గురించి ఒక మాట. ఫోన్‌లో చెప్పినట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. చుక్క, గీత, స్లాష్ లాంటి గుర్తులు ఉన్నవి ఉన్నట్టే. ఖాళీ ఉన్న చోట ఖాళీ. ఫైల్ పేరు స్పెల్లింగ్ మీద అనుమానముంటే మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే పూర్తి చేస్తుంది. ట్యాబ్ నొక్కినా కదలకపోతే దారి తప్పుగా కొట్టారని అర్థం.

1. ముందు కాపీ తీసుకోండి

సుడో సీపీ -ఏ /ఈటీసీ/ఆప్ట్ ~/ఆప్ట్-బ్యాకప్

ఇది చేయకుండా రెండో అడుగు వేయకండి. ఏం చెడగొట్టుకున్నా ఈ ఫోల్డర్‌లోంచి పాత ఫైల్ తెచ్చి పెట్టుకోవచ్చు.

హెచ్చరిక: కాపీ హోమ్ ఫోల్డర్‌లోకే తీయండి. చాలామంది "సోర్సెస్.లిస్ట్.డి" ఫోల్డర్‌లోనే ఫైల్‌ని ఇంకో పేరుతో కాపీ చేసి పెడతారు. ఆ పేరు చివర ".లిస్ట్" అనో ".సోర్సెస్" అనో ఉంటే ఆప్ట్ దాన్ని కూడా చదివేస్తుంది. ఒకే రెపో రెండుసార్లు ఉందని కొత్త గోల మొదలవుతుంది.

2. ఎర్రర్ని నిజంగా చదవండి

సుడో ఆప్ట్ అప్‌డేట్

వచ్చిన లైన్ల మొదటి మాట చూడండి. "హిట్" అంటే సర్వర్లో కొత్తదేమీ లేదు, పాత జాబితా సరిపోతుంది. "గెట్" అంటే కొత్తది దించుకుంటోంది. ఈ రెండూ మంచివే. "ఇగ్న్" అంటే అది దొరకలేదు గానీ వదిలేసి ముందుకెళ్లింది, ఒంటరిగా వస్తే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. "ఎర్" అని వచ్చిందే మనకు కావలసింది. ఆ లైన్లో ఒక వెబ్ అడ్రస్, పక్కన "జామీ" అనో "నోబుల్" అనో ఒక పేరు ఉంటుంది. ఆ రెండూ కాగితం మీద రాసుకోండి.

ఆ తర్వాత అడుగున "డబ్ల్యూ:", "ఈ:", "ఎన్:" అని మొదలయ్యే లైన్లుంటాయి. ఎన్ అంటే ఊరికే చెప్పడం, డబ్ల్యూ హెచ్చరిక, ఈ అంటే పని ఆగిపోయిందని. అన్నీ ఎర్రగా పచ్చగా కనబడేసరికి టెన్షన్ పడిపోతారు గానీ, తరచూ మొత్తం గోలకు ఒక్క ఈ లైనే మూలం. కొన్నిసార్లు ఏ ఫైల్లో ఎన్నో లైనో కూడా అదే చెబుతుంది.

టెర్మినల్‌లోంచి కాపీ చేయాలంటే కంట్రోల్, షిఫ్ట్, సీ మూడూ కలిపి నొక్కాలి. షిఫ్ట్ లేకుండా కంట్రోల్ సీ నొక్కితే నడుస్తున్న కమాండ్ ఆగిపోతుంది.

3. మీ వెర్షన్ కోడ్‌నేమ్ తెలుసుకోండి

క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్

ఇందులో "వెర్షన్ కోడ్‌నేమ్" అనే లైను చూడండి. 20.04 అయితే ఫోకల్, 22.04 అయితే జామీ, 24.04 అయితే నోబుల్. డెబియన్ 11 బుల్స్‌ఐ, 12 బుక్‌వర్మ్, 13 ట్రిక్సీ. రెపో ఫైళ్లలో ఉబుంటు సొంత లైన్లన్నిటిలో ఈ పేరే ఉండాలి. వేరే పేరు కనబడితే తప్పు దొరికేసినట్టే.

మింట్ వాళ్లూ, ఇక్కడ మీకు రెండు పేర్లుంటాయి. మింట్ 22 పేరు విల్మా, కానీ దాని కింద ఉన్న ఉబుంటు నోబుల్. డాకర్ లాంటి బయటి సాఫ్ట్‌వేర్లు వేసేటప్పుడు సూచనల్లోని కమాండ్ మీ కోడ్‌నేమ్‌ని తనే తీసుకుని విల్మా అని రాసేస్తే, ఆ సర్వర్లో విల్మా అనే ఫోల్డరే ఉండదు, 404 (అడిగింది సర్వర్లో లేదనే ఎర్రర్) వస్తుంది. అదే ఓఎస్-రిలీజ్ ఫైల్లో "ఉబుంటు కోడ్‌నేమ్" అని ఇంకో లైను ఉంటుంది, బయటి రెపోలకు ఆ పేరు వాడండి. మింట్ సొంత లైన్లలో మాత్రం విల్మా అలాగే ఉండాలి, అన్నీ కలిపి మార్చేయకండి.

ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కున్నవాళ్లు ఈ అడుగు దగ్గర కాస్త ఆగండి. అందులో అంతకుముందు వాడినవాళ్ల ఉబుంటు అలాగే ఉండొచ్చు, 23.10 లాంటి మధ్య వెర్షన్ అయ్యుండొచ్చు, అంటే ఎల్‌టీఎస్ కానిది (22.04, 24.04 లాంటి ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్లే ఎల్‌టీఎస్). మధ్య వెర్షన్లకు తొమ్మిది నెలలే సపోర్ట్. 23.10 గడువు 2024 జులైలోనే అయిపోయింది. అలాంటప్పుడు మీరు ఏ తప్పూ చేయకపోయినా ఎర్రర్లు వస్తాయి.

4. రెపో ఫైళ్లు ఎక్కడున్నాయో చూడండి

రెండు చోట్ల ఉంటాయి. ఒకటి /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్ అనే ఫైల్. రెండోది /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి అనే ఫోల్డర్.

ఎల్ఎస్ /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి

22.04 వరకు ఉబుంటు సొంత అడ్రసులన్నీ మొదటి ఫైల్లోనే, ఒక్కో లైనుకు ఒక్కో రెపో చొప్పున "డెబ్" అని మొదలై ఉండేవి. 24.04 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడవి రెండో ఫోల్డర్‌లో "ఉబుంటు.సోర్సెస్" అనే ఫైల్లోకి వెళ్లాయి. పాత సోర్సెస్.లిస్ట్ తెరిస్తే అక్కడికి మార్చామని ఒక వ్యాఖ్య మాత్రం కనబడుతుంది. ఈ ఒక్క మార్పు తెలియక ఎంతమంది ఇబ్బంది పడుతున్నారో! ఫైల్ ఖాళీగా ఉందేంటని కంగారుపడి, పాత సలహా ఏదో చూసి ఐదారు డెబ్ లైన్లు అందులో పేస్ట్ చేస్తారు. దాంతో అన్నీ రెండేసి అవుతాయి. 24.04లో ఆ ఫైల్ ఖాళీగా ఉండటమే సరైనది.

కొత్త ఫైల్లో ఒక గుంపు ఇలా ఉంటుంది:

టైప్స్: డెబ్
యూఆర్ఐస్: హెచ్‌టీటీపీ://ఆర్కైవ్.ఉబుంటు.కామ్/ఉబుంటు/
సూట్స్: నోబుల్ నోబుల్-అప్‌డేట్స్ నోబుల్-బ్యాక్‌పోర్ట్స్
కాంపోనెంట్స్: మెయిన్ రెస్ట్రిక్టెడ్ యూనివర్స్ మల్టీవర్స్
సైన్డ్-బై: /యూఎస్ఆర్/షేర్/కీరింగ్స్/ఉబుంటు-ఆర్కైవ్-కీరింగ్.జీపీజీ

దీని కింద ఒక ఖాళీ లైను, ఆ తర్వాత సరిగ్గా ఇలాంటిదే ఇంకో గుంపు. అందులో అడ్రస్ సెక్యూరిటీ.ఉబుంటు.కామ్, సూట్స్‌లో నోబుల్-సెక్యూరిటీ ఒక్కటే. మన దేశం సర్వర్ ఎంచుకుని ఉంటే మొదటి అడ్రస్ ముందు "ఇన్." అని ఉంటుంది, అది తప్పు కాదు.

ఇందులో ఖాళీ లైను చాలా ముఖ్యం. రెండు గుంపులను వేరుచేసేది అదే. ఎడిట్ చేసేటప్పుడు చెయ్యి తగిలి గుంపు మధ్యలో ఎంటర్ పడిందంటే సగం గుంపు వేరే గుంపయిపోతుంది, ఆప్ట్ ఈ ఫైల్ నాకు అర్థం కావట్లేదంటుంది. పోలిక కోసం పై ఐదు లైన్లు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూడండి. హెచ్‌టీటీపీ దగ్గర ఎస్ లేదేమిటని భయపడొద్దు, దించుకున్న ప్రతిదానికీ ఆప్ట్ సంతకం సరిచూస్తుంది, చివరి లైను అందుకే ఉంది.

ఎడిట్ చేయడానికి నానో చాలు:

సుడో నానో /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి/ఉబుంటు.సోర్సెస్

కంట్రోల్ ఓ, ఎంటర్ కొడితే సేవ్. కంట్రోల్ ఎక్స్ కొడితే బయటికి.

ఒక రెపోని తాత్కాలికంగా ఆపాలంటే డిలీట్ చేయకండి. పాత పద్ధతి ఫైల్లో లైను ముందు # పెట్టండి. కొత్త పద్ధతిలో ఆ గుంపులో "ఎనేబుల్డ్: నో" అని ఒక లైను చేర్చండి.

టెర్మినల్ అంటే భయపడేవాళ్లకు ఇంకో దారి ఉంది. "సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్" అనే యాప్ తెరవండి. మొదటి ట్యాబ్‌లో మెయిన్, యూనివర్స్ వగైరా ప్యాకేజీ విభాగాలకు టిక్కులు, డౌన్‌లోడ్ సర్వర్ మార్చుకునే చోటు ఉంటాయి. "అదర్ సాఫ్ట్‌వేర్" ట్యాబ్‌లో మీరు తర్వాత చేర్చినవన్నీ కనబడతాయి, టిక్ తీసేస్తే ఆగిపోతాయి. కానీ ఫైల్లోనే రాత తప్పుంటే ఈ యాప్ చేతులెత్తేస్తుంది, అప్పుడు నానోనే గతి.

5. ఎర్రర్‌ని బట్టి మందు

ఇక్కడ అన్నీ చేయకండి. రెండో అడుగులో రాసుకున్నదానికి సరిపోయేది ఒక్కటే చేసి, మళ్లీ అప్‌డేట్ కొట్టి చూడండి.

"టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్": సర్వర్ పేరు వెతికే చోట, అంటే డీఎన్‌ఎస్‌లో ఆగింది. రెపో ఫైళ్లు ముట్టుకోకండి, వాటి తప్పేం లేదు. హాట్‌స్పాట్‌కి మారి చూడండి. అక్కడ పనిచేస్తే వైఫై సెట్టింగ్స్‌లో ఐపీవీ4 కింద ఆటోమేటిక్ డీఎన్‌ఎస్ ఆపి 1.1.1.1 లేదా 8.8.8.8 ఇచ్చి, ఒకసారి డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేయండి. బ్రౌజర్ మాత్రం బాగానే నడుస్తోందే అంటారా, బ్రౌజర్‌లో సొంత డీఎన్‌ఎస్ గానీ వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ గానీ ఆన్ చేసి ఉంటే అది వేరే దారిన పోతుంది.

"నో స్ప్లిట్" అనీ, నెట్‌వర్క్‌కి లాగిన్ కావాలా అనీ అడిగే ఎర్రర్: ఇది పీజీ వైఫైల ప్రత్యేకత. రోజుకోసారి ఫోన్ నంబరో కూపనో కొట్టమనే లాగిన్ పేజీ ఉంటుంది చూడండి, ఆప్ట్ అడిగిన ఫైల్‌కి బదులు ఆ పేజీ వచ్చి పడింది. బ్రౌజర్ తెరిచి లాగిన్ అవ్వండి. ఆ తర్వాత కూడా అదే ఎర్రర్ వస్తుంటే పాడైన జాబితాని పక్కకు తప్పించండి:

సుడో ఎంవీ /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్-పాత

చివరి పేరు మీ ఇష్టం. మళ్లీ అప్‌డేట్ కొడితే ఆ ఫోల్డర్‌ని ఆప్ట్ కొత్తగా తయారుచేసుకుంటుంది. దీనికి ఆర్ఎం కమాండ్‌తో డిలీట్ చేయమని చెప్పేవాళ్లున్నారు. దారి మధ్యలో ఒక్క ఖాళీ పొరపాటున పడితే సిస్టమ్ మొత్తం పోతుంది, కొత్తవాళ్లు ఆర్ఎం జోలికి వెళ్లొద్దని నా గట్టి మాట.

సున్నా శాతం దగ్గర "కనెక్టింగ్" అంటూ కదలకపోతే: ఆ నెట్‌వర్క్‌లో ఐపీవీ6 సరిగ్గా లేకపోవచ్చు.

సుడో ఆప్ట్ -ఓ అక్వైర్::ఫోర్స్‌ఐపీవీ4=ట్రూ అప్‌డేట్

దీనితో నడిస్తే అదే కారణం. నడవకపోతే పాత ప్రాక్సీ (నెట్‌కి మధ్యవర్తి సర్వర్) సెట్టింగ్ ఉందేమో చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయినా, ఆఫీసు నుంచి కొనుక్కున్న పాతదయినా ముందు ఇదే చూడాలి.

గ్రెప్ -ఆర్ఐ ప్రాక్సీ /ఈటీసీ/ఆప్ట్

ఏదైనా లైను చూపిస్తే ఆ ఫైల్ తెరిచి, ఆ లైను ముందు // పెట్టి ఆపండి. ఇప్పటికీ ఆఫీసు మెషీనే అయితే మాత్రం ఐటీ వాళ్లను అడగకుండా ముట్టుకోకండి.

"404", లేదా "డజ్ నాట్ హ్యావ్ ఎ రిలీజ్ ఫైల్": ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. తప్పుడు సలహాలు ఎక్కువ తిరిగేది కూడా దీని మీదే. ఎర్రర్ ఇచ్చిన అడ్రస్ ఎవరిదో చూడండి.

అది పీపీఏ (ఎవరో విడిగా నడిపే ఉబుంటు రెపో) గానీ ఇంకో కంపెనీ రెపో గానీ అయితే: మీ వెర్షన్‌కి వాళ్లు ప్యాకేజీలు తయారుచేయలేదు, లేదా మానేశారు. ఉబుంటు తప్పు కాదు, మీది కాదు. దాన్ని ఆపేయడమే మందు. ఆ పీపీఏ నుంచి వచ్చిన ప్యాకేజీలను ఉబుంటు సొంత వెర్షన్‌కి వెనక్కి తేవాలనుకుంటే ముందు "పీపీఏ-పర్జ్" అనే పనిముట్టు ఇన్‌స్టాల్ చేసి దాన్ని నడపాలి, అది రెపోని కూడా తనే ఆపేస్తుంది. రెపోని మీరు ముందే తీసేస్తే ఏవి దాని ప్యాకేజీలో పర్జ్‌కి తెలియదు. వెనక్కి తేవాల్సినవి లేకపోతే ఇది చాలు:

సుడో యాడ్-ఆప్ట్-రిపాజిటరీ --రిమూవ్ పీపీఏ:పేరు/పేరు

అది ఉబుంటు సొంత అడ్రసే అయితే: స్పెల్లింగ్ చూడండి, కోడ్‌నేమ్ చూడండి. రెండూ సరిగ్గా ఉండి మీది గడువు తీరిన మధ్య వెర్షన్ అయితే, ఆ ప్యాకేజీలను ఓల్డ్-రిలీజెస్.ఉబుంటు.కామ్ అనే సర్వర్‌కి తరలించి ఉంటారు. ఫైల్లో ఆర్కైవ్, సెక్యూరిటీ రెండు అడ్రసుల్లోనూ ఆ పేరు పెట్టి సేవ్ చేయండి, 404లు పోతాయి. కానీ అక్కడితో ఆగకండి, అక్కడ కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఉన్న వెర్షన్లోని ప్యాకేజీలన్నీ ముందు అప్‌గ్రేడ్ చేసి, "సుడో డు-రిలీజ్-అప్‌గ్రేడ్" తో పై వెర్షన్‌కి వెళ్లండి. మధ్యలో వెర్షన్లు మరీ ఎక్కువ దాటాల్సి వస్తే అప్పుడు మాత్రం కొత్త ఎల్‌టీఎస్ తాజాగా వేసుకోవడమే తక్కువ శ్రమ.

ఎల్‌టీఎస్ వాడేవాళ్లు ఈ ఓల్డ్-రిలీజెస్ మార్పు చేయకండి. 20.04కి మామూలు సపోర్ట్ 2025 మేలో అయిపోయినా దాని రెపోలు పాత అడ్రస్‌లోనే ఉన్నాయి. ఉబుంటు ప్రో సొంత వాడకానికి ఐదు మెషీన్ల దాకా ఉచితం. దాన్ని జోడిస్తే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తాయి.

ఇంకో హెచ్చరిక, ఇది పెద్దది. 404 పోవాలని కోడ్‌నేమ్ తీసేసి కొత్త వెర్షన్ పేరు పెట్టమంటారు కొందరు, జామీ ఉన్నచోట నోబుల్. ఎర్రర్ పోతుంది, నిజమే. ఆ తర్వాత ఏదో చిన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయబోతే సగం సిస్టమ్ కొత్త వెర్షన్‌కి, సగం పాతదానిలో ఉండిపోతుంది. మర్నాడు డెస్క్‌టాప్ కూడా రాకపోవచ్చు. డెబియన్‌లో ఫైల్లో పేరు మార్చి అప్‌గ్రేడ్ చేయడం పద్ధతే, అయితే దానికి ముందూ వెనుకా చేయాల్సిన పనులుంటాయి. ఉబుంటులో మాత్రం అది పద్ధతి కాదు.

"నో పబ్‌కీ": సంతకం సరిచూసే తాళం లేదు. ఉబుంటు సొంత రెపోకే ఈ ఎర్రర్ వస్తే "ఉబుంటు-కీరింగ్" ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. బయటి రెపో అయితే ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల సొంత సైట్లోంచే కీ దించుకోండి, ఇంకెక్కడి నుంచీ వద్దు. దాన్ని /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, రెపో లైన్లో సైన్డ్-బై దగ్గర ఆ ఫైల్ దారి పూర్తిగా రాయండి. ఇన్ని చేసినా అదే ఎర్రర్ వస్తోందంటే రెండు కారణాలు చూడండి. ఒకటి, ఫైల్ పేరు చివర. కీ ఫైల్‌ని తెరిస్తే చదవగలిగే ఇంగ్లీషు అక్షరాలుంటే పేరు చివర ".ఏఎస్‌సీ" ఉండాలి, పిచ్చి గుర్తులుంటే ".జీపీజీ" ఉండాలి. తారుమారైతే ఆప్ట్ చదవదు. రెండు, అనుమతులు. సుడోతో పెట్టిన ఫైల్‌ని ఆప్ట్ వాడే ప్రత్యేక యూజర్ చదవలేకపోవచ్చు:

సుడో సీహెచ్‌మాడ్ 644 /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్/ఫైల్‌పేరు

"ఆప్ట్-కీ యాడ్" అనే పాత కమాండ్ వాడొద్దు, దాన్ని పక్కన పెట్టేశారు. రెపో లైన్లో "ట్రస్టెడ్=యెస్" అని రాయమని చెప్పేవాళ్ల మాట అసలే వినొద్దు. అలా రాస్తే ఆ అడ్రస్ నుంచి ఏం వచ్చినా, మధ్యలో ఎవరు మార్చి పంపినా, రూట్ హక్కులతో ఇన్‌స్టాల్ అయిపోతుంది. పదిమంది వాడే పీజీ వైఫైలో ఇలాంటి సెట్టింగ్‌తో తిరగడం చాలా ప్రమాదం. కీ "లెగసీ" కీరింగ్‌లో ఉందని వచ్చే లైను మాత్రం హెచ్చరికే, పని ఆగదు, తీరిగ్గా చూసుకోవచ్చు.

"నాట్ వ్యాలిడ్ యెట్": గడియారం వెనకబడింది. పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది చిన్న సెల్ అయిపోతే ఆపి వేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది.

టైమ్‌డేట్‌సీటీఎల్

ఇది తేదీ, టైమ్, టైమ్‌జోన్ చూపిస్తుంది. జోన్ ఆసియా/కోల్‌కతా ఉండాలి. విండోస్ కూడా ఉన్న మెషీన్లో సరిగ్గా ఐదున్నర గంటలు తేడా కనబడితే రెండు సిస్టమ్‌లూ గడియారాన్ని రెండు రకాలుగా చదువుతున్నాయని అర్థం. "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ" కొట్టి, ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి.

"హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్": సర్వర్లో ఫైళ్లు మారుతున్న సమయంలో మీరు అడిగారు, లేదా మధ్యలో ఏ సర్వరో దాచి ఉంచిన పాత కాపీ వచ్చింది. గంట ఆగి కొట్టండి. అప్పటికీ వస్తే లిస్ట్స్ ఫోల్డర్ని పైన చెప్పినట్టు పక్కకు తప్పించి, డౌన్‌లోడ్ సర్వర్‌ని "మెయిన్ సర్వర్"కి మార్చండి. దగ్గరి సర్వర్ వేగంగా ఉంటుందన్నది నిజమే గానీ, వెనకబడ్డ సర్వర్ ఎంత వేగంగా ఉంటే ఏం లాభం, నేనైతే మెయిన్ సర్వరే పెట్టుకోమంటాను.

"కాన్ఫిగర్డ్ మల్టిపుల్ టైమ్స్": ఒకే రెపో రెండు చోట్ల రాసి ఉంది. ఏ రెండు ఫైళ్లో ఆ లైన్లోనే ఉంటుంది, ఒకటి ఆపండి. 24.04లో అయితే పాత సోర్సెస్.లిస్ట్‌లో పేస్ట్ చేసినవాటిని ఆపండి, ఉబుంటు.సోర్సెస్‌ని ఉంచండి.

"కుడ్ నాట్ గెట్ లాక్": ఇది రెపో సమస్యే కాదు. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది. పది నిమిషాలు ఆగండి. లాక్ ఫైల్‌ని డిలీట్ చేస్తే జరుగుతున్న ఇన్‌స్టాలేషన్ మధ్యలో పాడవుతుంది.

"అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్": అప్‌డేట్ శుభ్రంగా నడిచినా ఇది వస్తే, ఆ ప్యాకేజీ యూనివర్స్‌లో ఉండి యూనివర్స్ ఆపేసి ఉండొచ్చు. "సుడో యాడ్-ఆప్ట్-రిపాజిటరీ యూనివర్స్" కొట్టండి. డెబియన్ వాళ్లు కాంపోనెంట్స్ చూడండి. 12 నుంచి వైఫై వగైరాల ఫర్మ్‌వేర్ "నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్" అనే విడి భాగంలో ఉంది, పాత ఫైల్లో అది ఉండదు. డీవీడీ ఇమేజ్‌తో డెబియన్ వేసినవాళ్లకు "సీడీరామ్" అని ఒక లైను మిగిలిపోయి డిస్క్ పెట్టమని అడుగుతుంటుంది, దాని ముందు # పెట్టండి.

6. నిజంగా సరయిందా?

అప్‌డేట్ ఎర్రర్ లేకుండా ముగిసిందంటే సగం పనే అయింది. తప్పుడు కోడ్‌నేమ్ పెట్టినా ఎర్రర్ రాదని పైన చూశాం కదా. అందుకే ఈ మూడూ చూడండి.

ఆప్ట్ పాలసీ

ఇది ఇప్పుడు నడుస్తున్న రెపోలన్నీ చూపిస్తుంది. ఉబుంటు లైన్లన్నిటిలో మీ కోడ్‌నేమ్ ఒక్కటే ఉండాలి. "-అప్‌డేట్స్", "-సెక్యూరిటీ" రెండూ కనబడాలి. సెక్యూరిటీ లేకపోతే ఏ ఎర్రరూ రాదు, మీ మెషీన్ మాత్రం రక్షణ లేకుండా ఉండిపోతుంది.

ఆప్ట్ పాలసీ వీఎల్‌సీ

"క్యాండిడేట్" దగ్గర వెర్షన్ నంబర్, దాని కింద వెబ్ అడ్రస్ వస్తే యూనివర్స్ దాకా అన్నీ పనిచేస్తున్నట్టు. "నన్" అని వస్తే కాంపోనెంట్స్ లైను మళ్లీ చూడండి.

ఆప్ట్ -ఎస్ ఫుల్-అప్‌గ్రేడ్

ఇది ఉత్తుత్తి అప్‌గ్రేడ్, ఏదీ మారదు, ఏం జరగబోతోందో చూపిస్తుందంతే. అడుగున తీసేయబోయే ప్యాకేజీల లెక్క చూడండి. ఒకటో రెండో పాత కెర్నల్ ప్యాకేజీలైతే పర్వాలేదు. డెస్క్‌టాప్ పేరో, నెట్‌వర్క్ మేనేజర్ పేరో ఆ జాబితాలో ఉంటే అసలు అప్‌గ్రేడ్ కొట్టకండి, నాలుగో అడుగుకు వెనక్కి వెళ్లండి, ఎక్కడో వేరే వెర్షన్ రెపో కలిసింది.

అన్నీ బాగుంటే అప్పుడు "సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్". మధ్యలో కరెంటు పోయో విసుగొచ్చి కంట్రోల్ సీ కొట్టో ఆగిపోతే "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", దాని వెనక "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్" కొట్టండి.

వెర్షన్ అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు ఇంకో పని మిగిలి ఉంటుంది. ఆ సమయంలో బయటి రెపోలన్నిటినీ ఉబుంటు తనే ఆపేస్తుంది. అన్నిటికీ ఒకేసారి టిక్ పెట్టేయకండి. ఒక్కొక్కటే ఆన్ చేసి, దాని లైన్లో కొత్త కోడ్‌నేమ్ రాసి, అప్‌డేట్ కొట్టి, 404 రాలేదని చూసుకుని తర్వాతిదానికి వెళ్లండి.

ఇంకా తెగకపోతే ఎవరినైనా అడిగేటప్పుడు "అప్‌డేట్ అవ్వట్లేదు" అని మాత్రం పంపకండి. ఓఎస్-రిలీజ్‌లో వచ్చింది, ఆప్ట్ అప్‌డేట్‌లో వచ్చింది మొత్తం, సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లోని పేర్లు, ఈ మూడూ ఫొటో కాకుండా అక్షరాలుగా పంపండి. ప్రాక్సీ లైన్లలోనూ, డబ్బు కట్టి వాడే రెపోల అడ్రసుల్లోనూ యూజర్ పేరు, పాస్‌వర్డ్ రాసి ఉండొచ్చు, పంపే ముందు అవి చూసి తీసేయండి.